పెదనాన్న జీపు వయసు

మా చిన్నప్పుడు మునగపాకలో పెదనాన్న జీపు వస్తోందంటే, అది మలుపు తిరగకముందే దాని చప్పుడు ఇంటికి వచ్చేసేది...

పెదనాన్న లారీ మెకానిక్కు. విశాఖపట్నంలో మిలిటరీ వాళ్ళు వేలం వేసిన పాత జీపును తెచ్చుకుని, తనే విప్పి, తనే బిగించాడు. పెట్రోలు ఇంజను తీసేసి డీజిలు ఇంజను పెట్టాడు. వెనక భాగం పొడవు పెంచి చెక్క బల్లలు వేశాడు. వానల్లో చెరుకు బళ్ళు బురదలో దిగబడితే ఆ జీపే లాగేది. ఎవరికైనా నొప్పులొస్తే అనకాపల్లి ఆసుపత్రికి అదే బండి. మిగతా రోజుల్లో వెనకంతా బెల్లం దిమ్మలు, వాటి మీద మేం పిల్లలం...

దాని గురించి ఆయన ఎప్పుడూ ఒక మాట చెప్పేవాడు. "ఇది రెండో ప్రపంచ యుద్ధంలో తిరిగిన బండి. మనకంటే ఎక్కువ లోకం సూసింది." ఎన్నిసార్లు చెప్పినా అరుగు మీద కూర్చున్నవాళ్ళు కొత్తగా వింటున్నట్టే వినేవారు.

నేను ఏడో తరగతిలో ఉండగా విశాఖపట్నం నుంచి ఒకాయన వచ్చాడు. పాత బళ్ళన్నీ చేర్చి ఊరేగింపు పెడుతున్నారట... అందులోకి యుద్ధకాలం నాటి జీపు కావాలట. ఎవరో పెదనాన్న పేరు చెప్పారు. ఆ రోజు పెదనాన్న పొద్దున్నే జీపు కడిగి వసారా ముందు నిలిపి, ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చున్నాడు. వీధిలో సగం మంది మా వసారాలోనే ఉన్నారు.

నాకు అప్పుడప్పుడే ఇంగ్లీషు చదవడం పట్టుబడుతోంది. కనిపించిన ప్రతి అక్షరాన్నీ పైకి చదివేదాన్ని. జీపు డాష్‌బోర్డు మీద జిడ్డు పట్టిన చిన్న ఇత్తడి రేకు ఒకటుండేది. దాన్ని ముందురోజే లంగా అంచుతో తుడిచి, చదివి పెట్టుకున్నాను.

పెదనాన్న యుద్ధం సంగతి ఎత్తుకోగానే నేను మధ్యలో దూరాను. "కాదు పెదనాన్నా... తయారైన సంవత్సరం ఇక్కడ రాసుంది. యుద్ధం అయిపోయిన ఇరవై ఏళ్ళకి కదా ఇది" అని, రేకు మీదున్నదంతా ఇంగ్లీషులో గడగడా చదివి వినిపించాను.

వచ్చినాయన వంగి చూశాడు. "పాప కరెక్టుగానే చదివింది. కథ మాత్రం బావుందండీ" అని నవ్వి వెళ్ళిపోయాడు. వసారా అంతా నవ్వింది.

పెదనాన్న నావైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు. ఏదో చెప్పబోయి ఆగి, "కాసిన్ని మంచినీళ్ళు తే అమ్మా" అన్నాడు.

నేను గర్వపడ్డాను... ఈ ముక్క రాయడానికి ఇప్పుడు చెయ్యి రావడం లేదు. మర్నాడు బళ్ళో కూడా చెప్పి అందరినీ నవ్వించాను. ఆ వారంలోనే ఆయన పేరు 'యుద్ధం' అయిపోయింది. "యుద్ధం మామా, బండి సేలోకి తెత్తావా?" అని పిలిచేవారు. ఆయన పలికేవాడు. జీపు కథ మాత్రం ఆయన నోట మళ్ళీ వినలేదు.

నిరుడు పెదనాన్న కొడుకు, మా అన్నయ్య, షెడ్డులో పడున్న ఆ జీపును బాగుచేయిద్దామని అనకాపల్లిలో ఒక మెకానిక్కుకి ఇచ్చాడు. కాగితాలు ఎప్పుడో చెదలు తినేశాయి. బండి వయసు తేల్చడానికి మెకానిక్కు ఒక్కొక్క పొరా రంగు గీకుతూ పోయాడు. ముందు బంపరు వెనక, చట్రం మీద ఒక నంబరు బయటపడింది.

"ఈ సట్రం వేరు, పైనున్న బాడీ వేరండి. సట్రం బాగా పాతది" అన్నాడు.

అన్నయ్య ఆ నంబరు ఫొటో నాకు పంపాడు. పాత బళ్ళ గురించి తెలిసిన ఒక పెద్దాయనకి నేను పంపాను. రెండు రోజులకి జవాబు వచ్చింది... అది యుద్ధం జరుగుతుండగా తయారైన జీపు చట్రమేనట.



ఆ ఆదివారమే మునగపాక వెళ్ళాను. పెదనాన్నకి ఎనభై దాటాయి. ఫొటో చూపించి సంగతంతా చెప్పాను. ఆయన ఫొటో వైపు సరిగ్గా చూడను కూడా లేదు.

"నాకు తెలీదేటమ్మా... పాత బాడీ డాష్‌బోర్డుతో సహా తుప్పట్టిపోతే, ఇనప సామాన్ల కొట్లో ఇంకో జీపుది తెచ్చి నేనే బిగించేను. ఆ రేకు దాంతోపాటే వచ్చింది."

"మరి ఆ రోజు చెప్పలేదేం పెదనాన్నా? బంపరు వెనక నంబరు చూపిస్తే సరిపోయేది కదా..."



"మనింట్లో ఆడపిల్ల అంతమందిలో ఇంగ్లీషు సదవడం అదే మొదలు. తప్పని ఎలా సెప్పను? నువ్వు సదివింది తప్పు కూడా కాదు... ఆ తరవాత సెప్తే మాత్రం ఎవులు నమ్ముతారు?"

క్షమించమని అడగడానికే వెళ్ళాను. ఆ మాట నేను ఎత్తకముందే ఆయన "ఇంజను స్టార్టయ్యిందేటి?" అని అడిగాడు.

కనీసం ఆ రోజు నవ్వినవాళ్ళకైనా నిజం చెబుదామని వీధిలోకి వెళ్ళాను. చాలామంది ఇప్పుడు లేరు. చివరింటి సత్యం మావయ్య ఉన్నాడు. అందరికంటే గట్టిగా నవ్వింది ఆయనే. కూర్చోబెట్టి మొత్తం చెప్పాను. అంతా విని, "జీపేటమ్మా? ఏ జీపు?" అన్నాడు.

ఆయనకి గుర్తే లేదు. ఇన్నేళ్ళూ దాన్ని మోసింది పెదనాన్న ఒక్కడే...

అప్పట్లో పెద్దవాళ్ళు ఏదైనా చెబుతుంటే అడ్డం పడడానికి నాలాంటి పెంకి పిల్ల ఒకతి కావాల్సొచ్చేది. ఇప్పుడు ప్రతి చేతిలోనూ ఫోనుంది, నిమిషంలో తేల్చేస్తున్నాం. మొన్న మా అమ్మాయి వాళ్ళ తాతయ్య మాట్లాడుతుండగా ఫోను తీసింది. "ముందు ఆయన్ని పూర్తిగా చెప్పనియ్యి" అన్నాను... కాస్త గట్టిగానే.

మీ ఇంట్లోనూ ఇలా సగంలో ఆగిపోయిన కథ ఒకటి ఉండే ఉంటుంది. అది చెప్పినవాళ్ళు ఇంకా ఉంటే, ముందు వెళ్ళి వినండి. ఆ కథని ఇక్కడ దీని కింద రాయడం ఆ తరవాతే...