ఎర్ర గీత బంతి

మొన్న మా మనవరాలు బెంగళూరు నుంచి వస్తూ ఒక తెల్ల బంతి తెచ్చింది. దాని మీద ఎర్రటి గీతలు, చుక్కలు. బల్ల మీద ఆడే పూల్ ఆటలో కర్ర దెబ్బ ఎక్కడ తగిలిందో, బంతి ఎట్లా తిరుగుతోందో తెలియడానికట. "కొత్తగా వచ్చినాయి తాతా" అంది. కొత్తవేం కాదనబోయి ఊరుకున్నాను. చెబితే మా మామ గురించి చెప్పాలి. ఆయన గురించి చెబితే, ఈ పిల్లకు అవ్వ కాకుండా పోయిన నా మొదటి భార్య గురించి చెప్పాలి.

అరవైలలో నేను పెనుకొండ తాలూకా ఆఫీసులో గుమాస్తాను. పెళ్లయిన రెండో ఏడు నా భార్య ధర్మవరంలో, పుట్టింట్లోనే, కాన్పులో పోయింది. బిడ్డా దక్కలేదు. నాకు ఏడుపు రాలేదు. కర్మ అయిన మర్నాడే ఆఫీసుకు పోయి కాగితాలు సర్దుకున్నాను. కూరలో ఉప్పు లేదన్న సంగతి పక్కవాడు చెబితే తెలిసేది. ఆదివారం మాత్రం రైలెక్కి ధర్మవరం పోయేవాణ్ణి, ఎందుకో నాకే తెలియదు. అత్త సంగటి ముద్ద, ఊరిబిండి పచ్చడి పెట్టేది. తిన్నాక మామా నేనూ ఎదుటి గోడను చూస్తూ కూర్చునేవాళ్లం. ఆమె పేరు ఎవరమూ ఎత్తేవాళ్లం కాదు.

మామ రైల్వే గార్డుగా పనిచేసి రిటైరైన మనిషి. అన్నానికి కూర్చునేముందు కూడా అటూ ఇటూ చూసి "రైట్" అనేవాడు. ఒక ఆదివారం "లెయ్యప్పా" అని నన్ను రైల్వేవాళ్ల క్లబ్బుకు తీసుకుపోయాడు. అక్కడ దొరల కాలంనాటి బిలియర్డ్స్ బల్ల, దాని మీద పరిచిన పచ్చ బనాతు గుడ్డకు మూడు మాసికలు. ఒక పాత తెల్ల బంతి చుట్టూ ఎర్ర పెయింటుతో సన్నగా గీత గీసి తెచ్చాడు. గీతను నిలువుగా నిలబెట్టి, "నడిమికి కొట్టు. సరిగ్గా తగిలితే గీత నిలకడగా దొర్లుతాది. ఎంట్రుకంత పక్కకు పోయినా తూలతాది. ఇంగేమీ ఆలోచన చేయొద్దు, గీతను చూడు" అన్నాడు.

ఏడాదిపైన గీతనే చూశాను. "భుజం కదలతాండాది" అనేవాడు. అంతకుమించి మాట ఉండేది కాదు. అత్త మాత్రం "మామకూ అల్లునికీ గోలీల పిచ్చి పట్టె" అని ఇరుగమ్మలతో చెప్పుకునేది. మెల్లగా గీత తూలడం మానింది.

హిందూపురం క్లబ్బులో పోటీ పెడితే మామే నా పేరు ఇచ్చాడు. ఎదుట ఆడింది ఒక బెల్లం మండీ యజమాని, మంచి ఆటగాడు. చివరి దెబ్బకు ఎర్ర బంతి బల్ల మూల సంచిలో పడింది, నేను గెలిచాను. జనం చప్పట్లు కొట్టారు. నాకేమీ అనిపించలేదు. తిరుగు రైల్లో ఆ మాటే మామతో అన్నాను.

ఆయన కిటికీ రెక్క దించి నా వైపు తిరిగాడు. "నాకూ అంతేనప్పా. నిన్ను చూస్తాంటే నా బిడ్డ ఇంకా ఇంట్లోనే ఉండాదనిపిస్తాది. అందుకే ఈ ఆట పెట్టి నిన్ను కట్టేసుకున్నా. తప్పు నాది. ఇంగ రావద్దు. వేరే సంబంధం చూసుకో."

నేను పెనుకొండలో దిగాను. ఆ వచ్చే ఆదివారం గదిలోనే ఉండిపోయాను. మధ్యాహ్నం హోటలువాడు తెచ్చిన అన్నం ముందు కూర్చుని, ఎత్తబోయిన ముద్దను తిరిగి పెట్టేశాను. ఆమె పేరు గట్టిగా పిలిచాను. సాయంత్రం దాకా ఏడ్చాను.

ఆ పై వారం ధర్మవరం పోయాను. మామ వాకిట్లోనే ఉన్నాడు.

"పోయిన వారం రాలేదేమప్పా?"

"మీరే కదా రావద్దంటిరి."

"ఎన్నడన్నా నా మాట విన్నావా నువ్వు?" అంటూ ఆయన నా చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయాడు. ఆ పూట బల్ల దగ్గరికి పోలేదు. ఆమె గురించి మాట్లాడుకుంటూ కూర్చున్నాం, అత్త కూడా వచ్చి గడప మీద కూర్చుంది. ఆ తర్వాత రెండేళ్లకు నాకు పిల్లను చూసి పెళ్లి చేసినవాడూ ఆయనే.

కాలం నొప్పిని మాన్పుతుందని అందరూ అంటారు. నాకు మాత్రం అది ముందు నొప్పిని తెలియనిచ్చింది, మాన్పడం ఆ తర్వాతి పని.