వేరే గిన్నె

డిసెంబరులో హోసూరు మార్కెట్టుకు పోతే ముందు వాసనే ఎదురొస్తుంది. మంచుకు తడిసిన అనపచిక్కుడు కాయల వాసన, పచ్చిగా, కొంచెం జిడ్డుగా, సబ్బుతో కడిగినా సాయంత్రం దాకా చేతిని వదలనిది. ఇప్పుడు తోలు తీసిన పప్పునే కవర్లలో కట్టి అమ్ముతున్నారు. ఫ్యాక్టరీ నుంచి వస్తూ ఒకటి కొంటాను. కవరుకు ఆ వాసన ఉండదు.

ఉద్దనపల్లిలో మా ఇంట్లో క్రిస్మస్ అంటే పితికిపప్పు. ఆ పనికి ఒక వరస ఉండేది: కాయలు ఒలవాలి, గింజలు రాత్రంతా నానబెట్టాలి, ఒక్కో గింజనూ రెండు వేళ్ళ మధ్య పితికి తోలులోంచి పప్పు జారేలా చెయ్యాలి, ఆ తర్వాత కొబ్బరి, ధనియాలు, అల్లం నూరి కూర, పక్కన రాగిసంగటి. వీటిలో పితకడం ఒక్కరి వల్ల అయ్యేది కాదు. మా వీధిలో ఏ ఇంట్లో గింజలు నానినా తక్కిన ఇళ్ళ ఆడవాళ్ళు వచ్చి గంగాళం చుట్టూ కూర్చునేవాళ్ళు. కోడళ్ళ మీద ఫిర్యాదులు, తమిళ సినిమా కథలు, ఒకరి మొహాన ఒకరు పప్పు చిమ్మి నవ్వుకోవడాలు, చివరికి అందరూ అక్కడే తినిపోవడం. అమ్మ బాప్తిస్మం తీసుకున్నాక మా గంగాళం చుట్టూ అమ్మ, నాయన, నేను మిగిలాం.

నేను పుట్టినప్పుడు అమ్మ బతకదనుకున్నారట. కృష్ణగిరి ఆస్పత్రిలో ఒక నర్సమ్మ ఆమె చెయ్యి పట్టుకుని తెల్లారేదాకా ప్రార్థన చేసిందట. ఆ చెయ్యి సంగతి నలుగురికీ చెప్పకుండా ఉండటం అమ్మకు చేతకాలేదు. నీళ్ళు అడిగినవాళ్ళకు మజ్జిగ ఇచ్చేది, మజ్జిగతో పాటు ప్రభువు మాట చెప్పేది. జనం మజ్జిగ అడగడం మానేశారు. అయినా ప్రతి క్రిస్మస్‌కూ వీధికంతా సరిపడా గింజలు నానబెట్టి, వస్తారులే, అనేది. మర్నాటికి పులిసిన కూరను నాయన ఆవు కుడితిలో కలిపేవాడు.

వానలు లేక బోర్లన్నీ ఎండిపోయిన ఏడాది రత్నత్త వచ్చింది. ఆమె నాయనకు అక్క, పక్కిల్లే, మధ్యలో ఒక మొండిగోడ. మామ కిడ్నీలు చెడి బెంగళూరు ఆస్పత్రిలో ఉన్నాడు. క్రిస్మస్ రోజు పొద్దున్నే అత్త బస్సు దిగి నేరుగా మా ఇంట్లోకి వచ్చి, ఎవరూ పిలవకుండానే గంగాళం పక్కన కూర్చుని పితకడం మొదలుపెట్టింది. ఇన్నేళ్ళయినా లేత గింజ ఏదో ముదురు గింజ ఏదో నీకు తెలీలేదే అని అమ్మను ఎగతాళి చేసింది. అమ్మ నవ్వింది. ప్రభువు మాట మాత్రం ఎత్తలేదు. ఎత్తితే అత్త లేచిపోతుందని తెలుసు.

కానీ మా ఇంట్లో ప్రార్థన లేకుండా ముద్ద ఎత్తరు. మధ్యాహ్నం వడ్డించాక అమ్మ కళ్ళు మూసుకుంది. అలవాటుగా మొదలైన ప్రార్థన మామ పేరు దగ్గర తడబడి, ఏడుపై, పొడవయింది. కళ్ళు తెరిచేసరికి అత్త కంచాన్ని ముందుకు తోసి ఉంది.

"మునేశ్వరుడికి ముడుపు కట్టినాను సుగుణా. ఇంకో దేవుడికి పెట్టింది తిని మా ఆయనకేమన్నా అయితే నేనెట్ల బతికేది?"

"ప్రార్థన చెయ్యకుండా పెట్టింటే తినుందువా వదినా?"

"తినుందును. నిన్నటి నుంచి ఏమీ తిన్లేదు." అత్త పొయ్యి వైపు చూసింది. "ఆ కుండలో ఉండేదో?"

అది వట్టి కూరే అని ఒక్క మాట అంటే సరిపోయేది. నాయన ఆ మాట కోసమే అమ్మ మొహంలోకి చూశాడు. కానీ గరిటె తిప్పుతున్నంతసేపూ అమ్మ పెదాలు ప్రార్థనలో కదులుతూనే ఉంటాయి, అది మా ముగ్గురికీ తెలుసు. అమ్మ తల దించుకుంది. అత్త కొంగుతో చేతులు తుడుచుకుని వెళ్ళిపోయింది.

గంగాళంలో ఇంకా గింజలున్నాయి. అమ్మ వాటిని ముందేసుకుని, పెదాలు కదలకుండా కొంగు పళ్ళ మధ్య బిగించి పితికింది. ఆ పప్పు, రాగిపిండి, కొబ్బరిచిప్ప, ఉప్పు, అన్నీ పచ్చివే, గుడ్డలో మూటగట్టి గోడ మీదుగా అందించింది.

"దీని మీద నేనేమీ చెప్పలేదు వదినా. నువ్వే వండుకో."

అత్త తీసుకుంది. కాసేపటికి ఆ ఇంట్లో పొగ లేచింది. అమ్మ మెట్టు మీద కూర్చుని ఆ పొగను చూస్తూ ఏడ్చింది. ప్రాణం పోసినాయన పేరే మింగేసినానే అని నాయనతో అంది.

జనవరి దాటకుండానే మామ పోయాడు. అత్త ఏ దేవుణ్ణీ ఏమీ అనలేదు, మా గడప కూడా మళ్ళీ తొక్కలేదు. తిరుప్పూరులో కొడుకు దగ్గరికి వెళ్ళిపోయింది. ఆ రెండిళ్ళూ, మొండిగోడా ఉన్నచోట ఇప్పుడు ఫ్యాక్టరీ ప్రహరీ ఉంది.

నాయన పోయాక అమ్మ హోసూరులో నా దగ్గరే ఉంటోంది. క్రిస్మస్ రోజు పొయ్యి మీద రెండు గిన్నెలు పెడుతుంది. పెద్దదాని దగ్గర పెదాలు కదులుతాయి. చిన్నదాని దగ్గరికి వచ్చేసరికి కొంగు పళ్ళ మధ్యకు పోతుంది. మేం ప్రార్థన చేసుకునేటప్పుడు ఆ గిన్నెను వంటింట్లోనే ఉంచి తలుపు మూస్తుంది. దానికోసం ఎవరూ రారు. మర్నాటికి పులుస్తుంది. కుడితికి ఆవు లేదు గనక నేనే సింకులో పోస్తాను.