కొత్త పండుగకు ముందు మామిడిపండు

చాంద్రాయణగుట్ట నుంచి చార్మినార్ వైపు వెళ్లే బస్సులో నా పక్కన కూర్చున్న అమ్మాయి యూనివర్సిటీలో పాఠాలు చెబుతుందట. కోయవాళ్ల పిల్ల. ఆ ఏడు మొదటి మామిడిపండ్లు కొన్న సంతోషంలో నేను ఒకటి ఆమె చేతిలో పెట్టాను.

"ఇప్పుడే తినను అమ్మా. మా ఊర్ల కొత్త పండుగ కాలే. అడవితల్లికి పెట్టకముందు మేం కొత్తకాయ ముట్టం."

నాకు ముచ్చటేసింది. నేను బడికి వెళ్లలేదు. నాన్నగారు ఇంట్లోనే, దేవుడి ముందు దీపం పెట్టించాకే పాఠం మొదలుపెట్టేవారు. ఆ మాట చెబితే నవ్వింది. అంతలోనే ముఖం ముడుచుకుంది.

"అడవి మందాకుల పాఠం మా పెద్దమ్మతోని చెప్పిస్తనని ఏండ్ల సంది లొల్లి చేసి యూనివర్సిటోళ్లను ఒప్పించిన. పండుగైనంకనే ఆకు తెంపుత అంటది ఆమె. పరీక్షల ముందే కావాలె అంటడు మా పెద్దసారు. ఆయన కోసం మామిడిచెట్టు కూడ సెమిస్టర్ చూస్కొని కాయాలె!"

ఇంతలో ఆ సారే ఫోన్ చేశాడు. గొంతు నాకూ వినిపించింది.

"ఆకుల ఫొటోలు చూపించి మీరే చెప్పేయండి మేడం. అయిపోతుంది."

ఆమె ఒళ్లోని పండు వైపు చూసింది.

"పెద్దమ్మ లేకుండా ఆ పాఠం నేను చెప్పకూడదు సార్. ఆ పాఠమే తీసేయండి."

దిగేటప్పుడు పండు నాకే తిరిగి ఇచ్చేసింది. ప్రతి చిన్నదానికీ దేవుడికి దండం పెట్టుకునే నాకు ఆ రోజు చేతులు లేవలేదు. ఆ సారు మీద కోపం ఇంకా చల్లారలేదు. ఏటా మొదటి మామిడిపండు కోసేముందు మాత్రం, వాళ్ల పండుగ అయిందా అని దేవుణ్ణే అడుగుతాను.