గ్యాసు తొట్టి మీద గరిటె చప్పుడు

ఈ నెల మొదట్లో మా సైన్సు మాస్టారు పోయారు. జగ్గయ్యపేటలో ఉండగా ఫోనొచ్చింది. నందిగామ బస్సు వచ్చేదాకా కాళ్లు ఒకచోట నిలవలేదు, స్టాండంతా తిరుగుతూనే ఉన్నాను. ఆ గుణం ఆయన దగ్గర అంటుకున్నదే. ఆయన నిలబడి పాఠం చెప్పగా నేను చూడలేదు.

రిటైరయ్యాక పెరట్లో గేదెల్ని పెట్టి, కాంక్రీటుతో గోబర్ గ్యాసు తొట్టి కట్టించారు. కొన్నేళ్లకే పైకప్పు లోపలి వైపు సుద్దలా రాలడం మొదలైంది. సిమెంటు ఫ్యాక్టరీల పక్కన పెరిగిన మాకు ప్రతి జబ్బుకీ సిమెంటే మందు. తొట్టి ఖాళీ చేయించి, బాగా గాలి ఆడనిచ్చి, చిక్కగా సిమెంటు పూయించారు. అదీ రాలింది. మళ్లీ పూయించారు.

ఒకరోజు నన్ను పిలిచి ఒకటే నవ్వు.

"పేడనీళ్లలో మునిగిన గోడ రాయిలా ఉందిరా. పైన గ్యాసు తగిలేచోటే తినేస్తోంది. ఆ కుళ్లిన గుడ్ల వాసన గ్యాసు ఉంది చూడు, అది పైన చెమ్మలో యాసిడ్ అవుతోంది. సిమెంటు చేసే క్వారీ రాయి మీద యాసిడ్ చుక్కేసి మీకు పొంగు చూపించిందెవరు? నేనే! మళ్లీ సిమెంటు పూసిందీ నేనే!"

అప్పట్నుంచి రోజూ పొద్దున్నే ఇనప గరిటెతో, కుండ కొనేవాళ్లలా, పైకప్పు కొట్టి చూసేవారు. "గట్టిగా కనపడేదాన్నే ముందు కొట్టి చూడాలి" అనేవారు. మనుషుల గురించి కూడా అదే మాట.

మంచం పట్టాక నా చెయ్యి పట్టుకున్నారు. "పైకప్పు పనైపోయింది. మీ అమ్మగారు దాని మీద నడిచే పేడ పోస్తోంది. ఆపించరా."

మాస్టారి భార్యని మేం అమ్మగారనే పిలుస్తాం. ఆవిడకి అప్పుడే చెప్పాను. "ఆయన లేచాక చూద్దాంలే" అన్నారు. ఆయన లేవలేదు. నాకు నిద్ర పట్టలేదు.

కర్మలైన మర్నాడు వెళ్లేసరికి ఆవిడ పేడ బకెట్‌తో తొట్టి వైపు నడుస్తున్నారు.

"అమ్మగారూ, ఆగండి!" అని అరిచాను.

"ఆయన కట్టించింది కదయ్యా, నన్నేం చేస్తుంది?"

గోడకి వేలాడుతున్న గరిటె తీసి చేతికిచ్చాను. ఆవిడ బయటే నిలబడి అంచు మీద కొట్టారు. కంగుమంది. వంగి, చెయ్యి చాపి నడుమ కొట్టారు. డొల్లగా మోగింది. ఇంకోసారి కొట్టి, బకెట్ కింద పెట్టి, అక్కడే కూర్చుని ఏడ్చారు.

తర్వాత లోపలికెళ్లి ఆ గ్యాసు మీదే టీ పెట్టారు. గిన్నె దించాక ఆర్పబోతే నా చెయ్యి ఆపారు.

"ఉన్నంతసేపు వెలగనీ నాయనా."

ఖాళీ పొయ్యి మీద నీలం మంట చాలాసేపు వెలిగింది. ఇద్దరం నిలబడే చూశాం.