స్వరకర్త వదిలేసిన ఏడు కాగితాలు

ఆ రోజుల్లో మేం స్టూడెంట్లం స్థిమితంగా కూర్చుని తిన్నట్టు నాకు గుర్తు లేదు. కెనడాలో, బ్రాంప్టన్ బేస్‌మెంట్‌లో ఆరుగురం. క్లాసు, బస్సు, షిఫ్టు, మళ్ళీ బస్సు. కాలు ఒకచోట నిలిస్తే పీఆర్, అంటే అక్కడే స్థిరపడే అనుమతి, చేజారిపోతుందన్నంత కంగారు. (పీఆర్ వచ్చాకా ఆ కంగారు పోలేదు, అది వేరే సంగతి.) నేను ఎటోబికోలో ఒక జిరాక్స్ షాపులో పార్ట్‌టైమ్ చేసేవాణ్ణి. "కాగితం వేస్ట్ చేశావో, ఊరుకోను" అని ఓనర్ అంకుల్ రోజుకోసారి గుర్తుచేసేవాడు.

ఒకరోజు బాకూ ఆంటీ (అజర్‌బైజాన్ ఆవిడ కదా అని వాళ్ళ రాజధాని పేరు నేనే తగిలించాను) పాత స్వరాల కాగితాల కట్ట తెచ్చింది. వాళ్ళ దేశపు తొలి శాస్త్రీయ స్వరకర్త స్మారక సభలో పాడబోతోందట, పియానో వాయించే ఆయనకి కాపీ కావాలట. "బడిపంతులు చదువు చదివినాయన బాబూ. మా పాత సంప్రదాయ గానాన్ని తీసుకెళ్ళి ఒపెరాలో కూర్చోబెట్టాడు. మొదటి ప్రదర్శనలో ఆడవేషం మగవాడే కట్టాడు. ఇన్నాళ్ళకి నా వంతు వచ్చింది. చలికాలమంతా ఈ ఒక్క పాటే సాధన చేశా" అంది. (ఆవిడ ఇంగ్లీషుని నా తెలుగులో చెబుతున్నా.) నేను ఒక చెవి ఆవిడకిచ్చి, రెండోది బస్సుకి అప్పగించాను. కాపీ తీస్తే ఏడు కాగితాల మీద పైన ఒక్క మాట, కింద స్వరాల్లేని వట్టి గీతలు. ప్రింటు పడని పేజీలనుకుని, ఆ ఏడూ తీసి బ్యాగులో వేసుకుని, మిగతావి బైండ్ చేసిచ్చేశాను. గీతలున్న కాగితం, షిఫ్టులు రాసుకోవడానికి భలే పనికొచ్చింది.

సభకి నన్నూ పిలిచింది. తన పాట దగ్గరికొచ్చేసరికి కళ్ళు మూసుకుని ఊపిరి తీసుకుంది. పియానో ఆయన పేజీ తిప్పి నేరుగా తరవాతి రంగం టకటకా మొదలెట్టాడు. ఆవిడ తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది. అప్పుడు వెలిగింది నాకు: ఆ ఒక్క మాట రాగం పేరు లాంటిది. మిగతాది పాడేవాళ్ళ మనోధర్మం. పిన్ని దగ్గర ఆరేళ్ళు సంగీతం నేర్చుకున్న వెధవని, ఆలాపన ఎవరైనా రాసిస్తారా అని ఆలోచించొద్దూ? సిగ్గుతో చచ్చిపోయాను.

ఆవిడ చెయ్యెత్తి పియానో ఆపించింది. పాడింది. ఎంతసేపో తెలీదు, బస్సు టైము చూసుకోలేదని మాత్రం గుర్తు.

తరవాత తలొంచుకుని వెళ్ళి బ్యాగులోంచి ఏడు కాగితాలూ తీసి చేతికిచ్చాను. ఒకదాని మీద షిఫ్టులు, ఒకదాని మీద అసైన్‌మెంట్లు, ఇంకోదాని మీద పీఆర్ పాయింట్లు, ఇలా ఆరింటి మీద. "ఆయన నాకోసం వదిలిన చోట్లో నువ్వు కాపురం పెట్టేశావే" అని నవ్వి, నేనేమీ రాయని ఏడోది నాకే తిరిగిచ్చింది. "కనీసం ఇదైనా ఖాళీగా ఉంచుకో."

ఇన్నేళ్ళూ ఫైల్లో భద్రంగా దాచుకున్నాను. నిన్న తీసి చూస్తే మూలన, ఎప్పుడు రాశానో ఏమో, నా దస్తూరీయే: పాలు, గుడ్లు, స్నో టైర్లు.