కార్డు వెనక వైపు

1998 జూన్‌లో, గ్రంథాలయ కేటలాగును కంప్యూటర్‌లోకి మార్చడం మీద విజయవాడలో జరిగిన పన్నెండు రోజుల శిక్షణకు మా కళాశాల నన్ను పంపింది. అప్పుడు నేను ఆ ఊళ్లోనే ఒక ఎయిడెడ్ డిగ్రీ కళాశాలలో అసిస్టెంట్ లైబ్రేరియన్‌ని. చేరి ఇరవై నెలలయింది. రెండేళ్ల ప్రొబేషన్ ఇంకా పూర్తికాలేదు. ఆ గడువు చివర లైబ్రేరియన్ ఒక నివేదిక రాస్తారు. దాన్ని బట్టి ఉద్యోగం ఖాయం చేయడమో, గడువు పొడిగించడమో, ఇంటికి పంపడమో ప్రిన్సిపాల్ నిర్ణయిస్తారు.

నాకప్పుడు ఇరవై ఆరేళ్లు. కొత్తవాళ్లతో మాట్లాడాలంటే బెరుకు. కౌంటర్ డ్యూటీ పడిన రోజు ఇంటి దగ్గర భవానీపురంలో బస్సెక్కినప్పటి నుంచే గుబులుగా ఉండేది. కేటలాగింగ్ గదిలో మాత్రం హాయిగా ఉండేదాన్ని. అక్కడ పుస్తకాలు, కార్డులు, ఒక ఫ్యాను తప్ప ఎవరూ ఉండరు. ఎవరికీ చెప్పలేనివి డైరీలో రాసుకునేదాన్ని. ఇప్పుడు రాస్తున్న సంభాషణలు చాలావరకు ఆ డైరీలోవే.

శిక్షణకు పద్దెనిమిది మంది వచ్చాం. కంప్యూటర్లు ఆరు. ఒక్కోదాని ముందు ముగ్గురం కూర్చునేవాళ్లం. నేర్పింది విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో పనిచేసే ప్రసాద్‌గారు. ఓపికమంతులు. మొదటి రోజే ఆయన ఒక కేటలాగు కార్డును జిరాక్స్ తీయించి అందరికీ పంచారు. కార్డు మీద ఉండే ఒక్కో అంశానికి కంప్యూటర్‌లో ఒక్కో గడి ఉంటుంది. రచయిత పేరు, పుస్తకం పేరు, ప్రచురణ వివరాలు, అరలో పుస్తకం చోటు చెప్పే కాల్ నంబరు, గ్రంథాలయంలోకి వచ్చిన వరుసను చెప్పే యాక్సెషన్ నంబరు. ఏది ఏ గడిలోకి వెళ్లాలో ఆ జిరాక్స్ మీద పెన్సిల్‌తో గీసుకుని నేర్చుకున్నాం. అప్పట్లో మా సాఫ్ట్‌వేర్‌కు తెలుగు లిపి రాదు. తెలుగు పుస్తకాల పేర్లు కూడా ఇంగ్లీషు అక్షరాలతోనే కొట్టాలి.

కార్డుల కేటలాగులో ఒక పుస్తకానికి నాలుగైదు కార్డులుంటాయి. రచయిత పేరు మీద ఒకటి, పుస్తకం పేరు మీద ఒకటి, విషయాల మీద రెండో మూడో. కంప్యూటర్‌కు ఇన్ని అక్కర్లేదనీ, పుస్తకానికి ఒక్క రికార్డు చాలనీ, రచయిత కార్డు చూసి ఎక్కిస్తే మిగతావన్నీ నకళ్లేననీ ప్రసాద్‌గారు చెప్పారు. ఆ మాట నిజమే. అది ఎప్పుడు నిజమవుతుందో నాకు అప్పుడు తట్టలేదు.

గంటకు ఎన్ని రికార్డులు ఎక్కించామో సాయంత్రం బోర్డు మీద రాసేవారు. నాలుగో రోజు నుంచి నా పేరే పైన ఉండేది. నా పక్కన ఉయ్యూరు నుంచి వచ్చిన పెద్దాయన కూర్చునేవారు. మీట కోసం వేలు గాల్లో తిప్పుతూ వెతికేవారు. "ఏమ్మా, నోరు విప్పవు గానీ నీ వేళ్లు మాత్రం తెగ వాగుతున్నాయే!" అన్నారొకసారి. అందరూ నవ్వారు. పదిమందిలో నన్ను మెచ్చుకోవడం నాకు అదే మొదటిసారి. ఆ రోజు డైరీలో రికార్డుల సంఖ్య కింద రెండు గీతలు గీసుకున్నాను.

శిక్షణ తర్వాత మూడు నెలల్లో మా గ్రంథాలయాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించాలి. సుమారు తొమ్మిది వేల పుస్తకాలు. రోజుకు నూట ఇరవై లెక్కన వేసుకుని పనిలో దిగాను. సొరుగులోంచి రచయిత కార్డు తీయడం, గడులు నింపడం, మళ్లీ సొరుగులో పెట్టడం. కరెంటు పోతే పోయిన రికార్డులు మళ్లీ కొట్టడం. సెప్టెంబరు మూడో వారానికి అయిపోయింది.

మా లైబ్రేరియన్ సుగుణమ్మగారు. పదిహేడేళ్లుగా అక్కడే ఉన్నారు. తక్కువ మాట్లాడతారు, మాట్లాడితే సూటిగా ఉంటుంది. ఆవిడ కంప్యూటర్ గదిలోకి వచ్చేవారు కాదు. గుమ్మం దగ్గరే నిలబడి "ఎంతవరకు వచ్చిందమ్మా?" అని అడిగి వెళ్లిపోయేవారు.

కార్డులున్న టేకు బీరువాకు నలభై ఎనిమిది సొరుగులు. రీడింగ్ హాల్లో ఒక గోడంతా అదే. కళాశాలను చూడటానికి తనిఖీ బృందం రాబోతోంది, అది వచ్చేలోగా ఆ చోట విద్యార్థులకు కంప్యూటర్ బల్లలు వేయించాలని ప్రిన్సిపాల్‌గారి ఆలోచన. ఒక్క ఏడాది రెండూ ఉంచుదామని స్టాఫ్ సమావేశంలో సుగుణమ్మగారు అడిగారు.

"మీకు ఆ బీరువా మీద మమకారమండీ సుగుణమ్మగారూ. ఆడపిల్లని అత్తారింటికి పంపలేకపోతున్నట్టుంది మీ పరిస్థితి" అన్నారు ప్రిన్సిపాల్.

అందరూ నవ్వారు. నాకూ అది మమకారమే అనిపించింది.

కార్డులను తీసేయాలంటే నమోదు పూర్తయిందని ధ్రువీకరణ పత్రం కావాలి. అది నమోదు చేసినవారే రాయాలి. "అన్ని పుస్తకాల వివరాలు కంప్యూటర్‌లో నమోదు చేసి సరిచూశాను" అని రాసి గురువారం సంతకం పెట్టాను. నిజంగానే సరిచూశాను. కార్డు ఒక పక్క, తెర ఒక పక్క పెట్టుకుని ప్రతి పదో రికార్డూ పోల్చాను. శనివారం ఉదయం పాత పేపర్ల వ్యాపారి వచ్చి కార్డులు పట్టుకెళ్లేట్టు ఏర్పాటయింది. శుక్రవారానికల్లా మా అటెండర్ మస్తాన్‌గారు పురికొస, గోనె సంచులు తెచ్చి బీరువా పక్కన పెట్టారు.

ఆ శుక్రవారం మధ్యాహ్నం భోజనాల వేళ కౌంటర్‌లో నేనొక్కదాన్నే ఉన్నాను. రజియా అనే బి.ఏ. చివరి సంవత్సరం అమ్మాయి వచ్చింది. వాళ్లది పెడన. ఇంట్లో బట్టల మీద అద్దకం పని చేస్తారు. చెక్క అచ్చులతో, వేళ్ల నుంచీ బెరళ్ల నుంచీ తీసిన రంగులతో. దాని మీదే సోమవారం సెమినార్‌లో పేపరు చదవాలట, పాత రంగుల గురించి పుస్తకం కావాలట.

అద్దకం అని కొట్టాను, ఏమీ రాలేదు. ఇంగ్లీషు అక్షరాలు రకరకాలుగా మార్చి కొట్టాను. కలంకారీ అని, రంగులు అని కూడా కొట్టాను. తెర మీద సున్నా.

"మన దగ్గర లేదమ్మా" అన్నాను.

"లేదంటారేంటి మేడమ్? నిరుడు మా అక్క ఇక్కడే కూర్చుని రాసుకుందండీ. పేరు గుర్తు లేదంట, ఆకుపచ్చ బైండంట."

"కంప్యూటర్‌లో చూశాను. ఉంటే రావాలి."

"కంప్యూటర్ కొత్తది గదండీ, దానికి మా అక్క తెలీదేమో" అంది ఆ అమ్మాయి. ఎగతాళో అమాయకత్వమో తెలియలేదు గానీ నవ్వొచ్చింది. ఆ నవ్వుతోనే లేచి బీరువా దగ్గరకు వెళ్లాను.

విషయాల సొరుగులో అద్దకం పేరు మీద ఒక కార్డు ఉంది. కృష్ణా జిల్లా గ్రామ పరిశ్రమల మీద వచ్చిన ఒక వ్యాస సంపుటిని అది చూపించింది. ఆ పుస్తకం రికార్డు నేనే ఎక్కించాను. పేరులో అద్దకం మాట లేదు కనుక దొరకలేదు. మరి ఈ విషయం కార్డు ఎలా పుట్టిందని అనుమానం వచ్చి రచయిత కార్డు తీశాను. వెనక్కి తిప్పాను.

వెనక సుగుణమ్మగారి సన్నటి అక్షరాల్లో తొమ్మిది విషయాలు వరుసగా ఉన్నాయి. అద్దకం, సహజ రంగులు, చాపలు, బెల్లం గానుగలు, ఇంకా ఏవేవో. లోపలి వ్యాసాల్లో ఒక్కోదానికి ఒక్కో పేరు. పుస్తకాన్ని ఏయే విషయాల కింద వెతకవచ్చో రచయిత కార్డు వెనక రాసిపెట్టడాన్ని మా చదువులో ట్రేసింగ్ అంటారు. విషయం కార్డులన్నీ దాన్ని చూసే తయారుచేస్తారు. ఒక్క రికార్డు చాలు, మిగతావి నకళ్లే అన్న మాట ఆ వెనక వైపు కూడా ఎక్కించినప్పుడే నిజం. జిరాక్స్‌లో కార్డు ముందు వైపే వచ్చింది. నేను నేర్చుకున్నదీ, వేగంగా చేసిందీ, సరిచూసిందీ ముందు వైపే.

పక్క కార్డు తిప్పాను. దాని పక్కది తిప్పాను. ఒక సొరుగంతా తిప్పి చూశాను. దాదాపు అన్నిటి వెనకా రాత ఉంది. పదిహేడేళ్లుగా ఆవిడ ప్రతి పుస్తకం విషయసూచిక చదివి రాసినవి అవి.

రజియాకు ఆకుపచ్చ బైండు పుస్తకం తెచ్చిచ్చాను. "చెప్పాను గదండీ!" అని మురిసిపోతూ వెళ్లింది. నేను గోనె సంచుల పక్కన నిలబడిపోయాను. మరునాడు పది గంటలకు వ్యాపారి వస్తాడు. ప్రొబేషన్ నివేదికకు నెల కూడా లేదు. కార్డులను ఎక్కడైనా దాచి, సెలవుల్లో ఎవరికీ తెలియకుండా ఎక్కించవచ్చా అని కాసేపు లెక్కలు వేశానని డైరీలో ఉంది. తొమ్మిది వేల కార్డులు దాచే చోటు లేదు. సుగుణమ్మగారు భోజనం చేసి వచ్చేదాకా ఆగి, ఆవిడ బల్ల ముందు నిలబడ్డాను.

"మేడమ్, నిన్న నేను పెట్టిన సంతకం తప్పండీ. కార్డుల వెనక వైపు ఎక్కించలేదు."

ఆవిడ కళ్లద్దాలు తీశారు. "ఎన్నిటికి?"

"ఒక్కదానికీ లేదండీ."

తిడతారనుకున్నాను. "నేనూ చూడలేదు" అన్నారు. "ఆ తెర ముందు కూర్చోవాలంటే నాకు భయం. ఆ భయం బయటపెట్టుకోవడం ఇష్టం లేక గుమ్మం దగ్గరే నిలబడ్డాను. పద, ప్రిన్సిపాల్‌గారి దగ్గరకు."

మీరు చెప్పండి మేడమ్, నేను పక్కన ఉంటాను అని బతిమాలాను. ఆవిడ ఒప్పుకోలేదు. "నేను చెబితే బీరువా మీద మమకారం అంటారమ్మా. కంప్యూటర్ మనిషివి నువ్వు. నువ్వు చెబితేనే ఆగుతుంది."

ఒక సొరుగు పట్టుకుని వెళ్లాను. ప్రిన్సిపాల్ గదిలో వైస్ ప్రిన్సిపాల్ కూడా ఉన్నారు. మొదటి వాక్యం రెండుసార్లు మింగాను. తర్వాత కార్డు ముందు వైపు చూపించి, వెనక్కి తిప్పి, రజియా అడిగినదీ, నేను లేదన్నదీ, పుస్తకం దొరికినదీ వరుసగా చెప్పాను.

"మూడు నెలల్లో అయిపోయిందన్నారు గదమ్మా?" అన్నారు ప్రిన్సిపాల్.

"సగమే అయిందండీ."

వైస్ ప్రిన్సిపాల్ వాణిజ్యశాస్త్రం చెప్పేవారు. "కార్డుకి వెనక కూడా ఉంటుందని మీ లైబ్రరీ సైన్సులో చెప్పరా?" అన్నారు.

"చెప్పారండీ. నేనే తిప్పలేదు."

ప్రిన్సిపాల్‌గారు ఆ సొరుగులోంచి నాలుగైదు కార్డులు తీసి తానే తిప్పి చూశారు. ఆయన చదివింది వృక్షశాస్త్రం. ఒక కార్డు వెనక "కొల్లేటి మొక్కలు" అని ఉంటే, "ఈ పుస్తకంలో ఇదుందా? నేనెప్పుడూ చూడలేదే" అన్నారు. ఎంతకాలం కావాలని అడిగారు. నాలుగు నెలలు అన్నాను. వ్యాపారికి రావద్దని కబురు పంపారు. బల్లలు వేయాల్సిందేనని, బీరువాను మాత్రం వెనక వరండాలోకి మార్చమన్నారు.

మస్తాన్‌గారు తల పట్టుకున్నారు. "నలభై ఎనిమిది సొరుగులమ్మా! పొద్దున్నే చెబితే ఈ పురికొస డబ్బులన్నా మిగిలేవి" అన్నారు. అయినా ముగ్గురు మనుషుల్ని పిలిచి సాయంత్రానికల్లా మార్పించారు.

ప్రొబేషన్ నివేదికలో సుగుణమ్మగారు జరిగింది జరిగినట్టు రాశారు. నమోదు సగమే చేసి పూర్తయిందని ధ్రువీకరించిందనీ, మరునాడే తానుగా వచ్చి తప్పు ఒప్పుకుందనీ. దేన్నీ తగ్గించలేదు. నా ప్రొబేషన్ ఆరు నెలలు పొడిగించారు. ఉత్తర్వు చేతికి ఇస్తూ, "ఉద్యోగం పోలేదు, ఖాయమవడం ఆలస్యమవుతుందంతే. రా, ముప్పై రెండో సొరుగు తియ్యి" అన్నారావిడ.

అప్పటికి ఇద్దరం కలిసి పనిచేస్తున్నాం. వెనక వైపు ఆవిడ చదివేవారు, నేను కొట్టేదాన్ని. నెల తిరిగేసరికి ఆవిడే కుర్చీ జరుపుకుని, "కాసేపు నువ్వు చదువు" అన్నారు. ఒక్కో వేలితో కొట్టేవారు. కొన్ని విషయాలు పుస్తకంలో లేని మాటల్లో ఉండేవి, ఇలా ఎందుకు రాశారని అడిగాను. పిల్లలు కౌంటర్ దగ్గర ఆ మాటతోనే అడుగుతారని చెప్పారు. నేను తప్పించుకు తిరిగిన కౌంటర్ నుంచే ఆవిడ కేటలాగు తయారయింది. ఆ తర్వాత ఆ డ్యూటీ నేనే అడిగి వేయించుకున్నాను. బెరుకు పోలేదు గానీ, విన్న మాటలు రాసుకోవడానికి ఒక పని దొరికింది.

ఫిబ్రవరిలో రెండో ధ్రువీకరణ పత్రం మీద ఇద్దరం సంతకాలు పెట్టాం. ప్రసాద్‌గారికి జరిగినదంతా ఉత్తరం రాశాను. తరువాతి బృందానికి రెండు వైపులా జిరాక్స్ తీయించి ఇచ్చానని ఆయన జవాబు రాశారు.

2003లో అలాంటి శిక్షణలోనే నన్ను పాఠం చెప్పమన్నారు. చల్లపల్లి, ఉయ్యూరు, బందరు వైపు నుంచి పదిహేను మంది వచ్చారు. అప్పటికి పాత పత్రికలను స్కాన్ చేసి సి.డి.ల్లో దాచడం మొదలైంది. పేజీల బొమ్మలు చక్కగా వస్తాయి. లోపల ఏ వ్యాసం ఉందో ఎవరూ ఎక్కించకపోతే, ఆ సి.డి. తాళం వేసిన బీరువాతో సమానం. పాఠానికి వచ్చినవాళ్ల పనిని వాళ్ల చేతే సరిచూపించడం మానేశాను. ఒకరి కేటలాగు ముందు వేరే ఊరి లైబ్రేరియన్‌ని కూర్చోబెట్టి, తమ పాఠకులు ఈ మధ్య అడిగిన ఐదు ప్రశ్నలు, వాళ్లు అడిగిన మాటల్లోనే వెతకమనేదాన్ని. ఐదూ దొరికితేనే సంతకం.

ఆ ఉదంతం నాకు నేర్పింది ఇంతే. 1998లో నేను సరిచూసిన ప్రతి రికార్డూ దాని కార్డుతో సరిపోయింది, ఎందుకంటే చేసేటప్పుడు ఏది చూడలేదో, సరిచూసేటప్పుడూ దాన్నే చూడలేదు. కేటలాగు పూర్తయిందో లేదో చెప్పాల్సింది దాన్ని తయారుచేసినవారు కాదు. పుస్తకం పేరు తెలియకుండా వచ్చి అడిగే మనిషి.