టీచరమ్మగారి మనీ ప్లాంటు కేసు

ఆ రోజుల్లో నాకు ఖాకీ అంటే ఎంత గౌరవమంటే, ఇస్త్రీ మడత నలుగుతుందని జీపులో కూడా వీపు ఆన్చకుండా కూర్చునేదాన్ని. రాజమండ్రిలో అప్పటిదాకా నేరాలు జరుగుతున్నాయంటే నేనింకా డ్యూటీలో చేరకపోవడమే కారణమని మనస్ఫూర్తిగా నమ్మేదాన్ని. నరసాపురం దగ్గర చేపల వేట మీద బతికే ఇంట్లోంచి వచ్చి ఎస్సైనయ్యాను మరి. మా అమ్మ నెత్తి మీద చేపల బుట్ట దించకుండానే, రేవులో కనబడిన ప్రతివాళ్ళకీ "మా అమ్మాయి ఎస్సై అండి" అని చెప్పేది (అడిగినవాళ్ళకీ, అడగనివాళ్ళకీ). అలాంటి అమ్మ ముందు తలదించుకునే పరిస్థితి రాకూడదని నా పట్టుదల.

సరిగ్గా నేను చేరిన రోజుల్లోనే నగరానికి కొత్త పెద్దసారు వచ్చారు. అంతవరకూ స్టేషన్లో అందరూ అన్ని పనులూ చేసేవారు. పొద్దున ట్రాఫిక్ చూసినాయనే మధ్యాహ్నం దొంగని పట్టుకుని, సాయంత్రం మంత్రిగారి బందోబస్తుకి పరిగెత్తేవాడు. ఇదంతా కలగాపులగంగా ఉందని, అందుకే నేరాలు తగ్గడం లేదని పెద్దసారు తెర మీద రంగురంగుల బొమ్మలు వేసి చూపించి, శాఖనంతా విడదీసి మళ్ళీ అతికించారు. చిన్న నేరాన్ని చూసీచూడనట్టు వదిలేస్తే అదే పెరిగి పెద్దదవుతుందని ఆయన సిద్ధాంతం. అలా చిన్న నేరాల విభాగం పుట్టింది. దానికి అధిపతిని నేను. నా సేనావాహిని మొత్తం రిటైర్మెంటుకి దగ్గరపడిన, మోకాళ్ళ నొప్పులున్న హెడ్ కానిస్టేబుల్ ఒకాయన (అందరం హెడ్డుగారనేవాళ్ళం). మా ఆఫీసు, అంతకుముందు పట్టుబడిన సైకిళ్ళు పడేసే గది. నెలాఖరు సమీక్షలోగా ఒక్క కేసైనా తేలకపోతే విభాగం ఎత్తేసి నన్ను కంట్రోల్ రూముకి పంపిస్తానని పెద్దసారు ఎంతో మర్యాదగా చెప్పారు. "ఏం పర్లేదమ్మా, అక్కడ ఏసీ కూడా ఉంటుంది" అని ఓదార్చారు.

గది తెరిచిన రోజునే హెడ్డుగారు గాజు సీసాలో నీళ్ళు పోసి, రెండాకుల మనీ ప్లాంటు ఒకటి పెట్టి నా కిటికీలో నిలబెట్టారు. "గదికి కాస్త కళ ఉంటుందని మేడం" అన్నారు. నాకు ముచ్చటేసి, రోజూ ఆ నీళ్ళు మార్చే పని నేనే పెట్టుకున్నాను.

మర్నాడు ఒక టీచరమ్మగారు వచ్చారు. రిటైరై చాలా కాలమైందట. ముత్యాల్లాంటి అక్షరాలతో రాసిన ఫిర్యాదు నా చేతికిచ్చి, కుర్చీలో కూర్చుని, కిటికీ వైపు చాలాసేపు చూసి నిట్టూర్చారు. విషయం ఇదీ. గేటు పక్క అరుగు మీద వాళ్ళాయన పెళ్ళైన కొత్తల్లో పెట్టిన మనీ ప్లాంటు కుండీ ఉంది. ఆయన పోయాక ఆవిడకి పొద్దున్నే మాట్లాడే తోడు అదే. పచ్చటాకుల మీద పసుపు చుక్కలు. ఆ మొక్కని ఎవరో వేళ్ళతో సహా పీక్కుపోయారు.

"కడియం నర్సరీల్లో ఇంతకంటే మంచివి లారీలకొద్దీ ఉన్నాయి కదండీ, ఒకటి తెప్పించమంటారా" అన్నాను, నా తెలివికి నేనే మురిసిపోతూ.

"తెప్పించుకోవచ్చమ్మా. కానీ అది ఆయన మొక్క అవదు కదా" అన్నారావిడ. ఎలాగైనా ఆ మొక్కని తెచ్చి ఈవిడ అరుగు మీద పెట్టాలని ఆ క్షణంలోనే నిర్ణయించుకున్నాను. సమీక్ష సంగతి ఆ తర్వాతే గుర్తొచ్చింది.

ఇక చూడండి నా దర్యాప్తు. ఖాళీ కుండీ చుట్టూ ముగ్గుతో గీత గీశాను. కుండీ మీద పౌడరు చల్లి వేలిముద్రలు తీశాను (అన్నీ టీచరమ్మగారివే). పోలీసు కుక్కని పంపమని అడిగితే ఫోన్లో అవతలాయన నవ్వు ఆపుకోలేక పెట్టేశాడు. చివరికి ఇల్లిల్లూ తిరగడం మొదలుపెట్టాను. వెనకాల హెడ్డుగారు, మోకాలు పట్టుకుని, ఎందుకో ఎప్పుడూ లేనంత మౌనంగా.

మొదటి ఇంట్లోనే పసుపు చుక్కల మనీ ప్లాంటు కనబడింది. "ఇది ఎక్కడిదండీ" అని కఠినంగా అడిగాను. ఆ ఇల్లాలు ఏ మాత్రం తొణక్కుండా, "టీచరమ్మగారిదేనండి. ఒక్క కొమ్మే తుంచుకొచ్చాను" అంది. రెండో ఇంట్లోనూ అదే మొక్క, అదే ఒక్క కొమ్మ. వీధి వీధంతా అంతే. అందరూ నేరం ఒప్పుకుంటారు, వెంటనే కాఫీ తాగుతారా అంటారు. చివరికి ఒకావిడ నా అమాయకత్వం చూసి జాలిపడి విడమరచి చెప్పింది. మనీ ప్లాంటు కొని తెచ్చుకున్నా, అడిగి పుచ్చుకున్నా కలిసిరాదట. యజమానికి తెలియకుండా తుంచుకొస్తేనే బాగా పెరుగుతుందట. "అందుకని మొక్క దగ్గర ఎవరైనా తచ్చాడుతుంటే మేమే కాసేపు లోపలికెళ్ళిపోతామండి. ఎదుటివాళ్ళని ఇబ్బంది పెట్టడం బాగోదు కదా. మీకు కూడా కావాలేంటండి? నాకు పొయ్యి మీద పాలున్నాయి, చూసొస్తాను" అని నిజంగానే లోపలికెళ్ళిపోయింది.

అంటే ఇన్నేళ్ళూ కొమ్మలు పోయింది టీచరమ్మగారికి తెలిసే. మరి మొదలంటా పీకిందెవరు? ఆ మాటే పైకి అంటూ స్టేషన్‌కి వచ్చి, అలవాటుగా సీసాలో నీళ్ళు మార్చబోతూ ఆగిపోయాను. ఆకుల మీద పసుపు చుక్కలు. నీళ్ళలో బారెడు వేళ్ళు. వెనక్కి తిరిగితే హెడ్డుగారు గోడకి ఆనుకుని నేల చూపులు చూస్తున్నారు.

"మీ మొదటి పోస్టింగు కదా మేడం. మీకు కలిసిరావాలని తుంచబోయానండి. అందరూ తుంచీ తుంచీ రెండాకులే మిగిల్చారు. చెయ్యి వేసేసరికి వేళ్ళతో సహా వచ్చేసింది. తిరిగి పాతేద్దామంటే పాలవాడు వచ్చేశాడు." ఆయన కళ్ళల్లో నీళ్ళు. నాకు కోపం తెచ్చుకోవాలని చాలా ఉంది. ఎంత వెతికినా రాలేదు.

సీసా పట్టుకుని టీచరమ్మగారి ఇంటికి బయల్దేరబోతుంటే ఆవిడే గొడుగు వేసుకుని వచ్చారు, కేసు ఎంతవరకు వచ్చిందో కనుక్కుందామని. సీసా ముందు పెట్టి జరిగిందంతా చెప్పాను.

"తెలుసమ్మా. మొదటి రోజే చూశాను" అన్నారు నెమ్మదిగా.

"మరి అప్పుడే అనలేదేంటండీ?"

"పోలీసుల్ని పట్టుకుని మొక్క తీశారని మొహం మీద ఎలా అంటాం, బాగోదు కదా. కాగితం రాసి తెచ్చేశాను, ఇచ్చేసి వెళ్ళిపోయాను."

తీసుకెళ్ళమని సీసా జరిపితే చెయ్యి వెనక్కి లాక్కున్నారు. "నువ్విస్తే పుచ్చుకోనమ్మా. ఇచ్చింది బతకదు. మా ఆయన కూడా రైల్వే ఆఫీసరుగారి బంగళా గోడ దూకి తెచ్చారు దీన్ని. కొత్త పెళ్ళాం మెప్పు కోసం." ఆ మాట చెబుతూ ఆవిడ ముసిముసిగా నవ్వారు. ఆ నవ్వులో ఆయన నాకు కనబడ్డారు.

అప్పుడు నేను నా ఉద్యోగ జీవితంలోకెల్లా గొప్ప నిర్ణయం తీసుకున్నాను. సీసా మళ్ళీ కిటికీలో పెట్టాను. "హెడ్డుగారూ, బయట ఏదో గొడవలా ఉంది, చూద్దాం రండి" అన్నాను. ఇద్దరం వరండాలో గది వైపు వీపు పెట్టి, ఖాళీ రోడ్డుని ఎంతో శ్రద్ధగా పరిశీలించాం. కాసేపటికి టీచరమ్మగారు బయటికి వచ్చి, వచ్చేటప్పుడు వేసుకున్న గొడుగుని ఈసారి ముడిచి గుండెలకి హత్తుకుని, మమ్మల్ని పలకరించకుండా ఎండలోనే వడివడిగా వెళ్ళిపోయారు.

సమీక్షకి పెద్దసారు స్వయంగా మా గదికే వచ్చారు. సొమ్ము యజమానికి చేరిందన్నాను. వీధి మొత్తం నేరం ఒప్పుకుందన్నాను. ఆయన ఆనందం చెప్పలేను. లేవబోతూ కిటికీ వైపు చూసి, "ఇక్కడ ఏదో మొక్క ఉండేది కదా" అన్నారు. నేను నోరు తెరిచేలోపు హెడ్డుగారు, "ఎవరో ఎత్తుకుపోయారండి" అనేశారు. పెద్దసారు మళ్ళీ కుర్చీలో కూర్చుండిపోయి, "దీన్ని మాత్రం ఎక్కడా రాయకండి" అన్నారు. ఆయన బదిలీ అయ్యేదాకా విభాగం నిలబడింది. తర్వాత వచ్చినాయన విడదీసినవన్నీ మళ్ళీ కలిపేశారనుకోండి.

నాకు తణుకు బదిలీ అయినప్పుడు టీచరమ్మగారికి చెప్పి వద్దామని వెళ్ళాను. మొక్క గుబురుగా పెరిగి కుండీ దాటి కిందికి జారుతోంది. "కూర్చోమ్మా, కాఫీ తెస్తాను. కాస్త ఆలస్యమవుతుంది" అని ఆవిడ లోపలికెళ్ళారు. ఒక్క గ్లాసు కాఫీ కలపడానికి అంతసేపు ఎవరికీ పట్టదు.

టీచరమ్మగారు ఇప్పుడు లేరు. ఆ రోజు తుంచుకొచ్చిన కొమ్మ మాత్రం నాతోపాటు ఊళ్ళన్నీ తిరిగి, ఇప్పటి నా ఆఫీసు కిటికీ ఊచలన్నిటినీ అల్లుకుంది. ఈమధ్య చివర్లు తరుగుతున్నాయి. ఎవరైనా ఫైలు పట్టుకొచ్చి కిటికీ వైపు ఒకటికి రెండుసార్లు చూశారంటే, నేను ఫోనొచ్చినట్టు లేచి వరండాలోకి వెళ్ళి కాస్త ఎక్కువసేపే మాట్లాడతాను. జీపులో వీపు ఆన్చకుండా కూర్చునే ఆనాటి ఎస్సై అమ్మాయి చూసిందంటే ఈపాటికి కుండీ చుట్టూ ముగ్గుతో గీత గీసి, నా మీదే కేసు రాసేది. రానివ్వండి పాపం. ఆ అమ్మాయి వచ్చినా నేను వరండాలోకే వెళతాను.